కామెర్ల రోగి మంచము ప్రక్కన

కామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనబడునని సామెత. వార్డులో అడుగిడిన వైద్యవిద్యార్థి మొదట మరచిపోవలసినది దీనినే. రోగికి లోకము సాధారణముగా మామూలు రంగులలోనే కనబడును. అతని కన్నులే లోకమునకు పచ్చగా కనబడును.

ఆ పసుపును పట్టుటకు పగటి వెలుగు కావలెను. దీపపు వెలుగులో అది తప్పిపోవచ్చును. అందుచే రోగిని కిటికీవద్ద కూర్చుండబెట్టి, పై రెప్ప ఎత్తి, క్రిందికి చూడుమందురు. రక్తములో బిలిరూబిను సాధారణముగా డెసిలీటరునకు 1 మిల్లీగ్రాముకు మించదు, 2.5 లేక 3 మిల్లీగ్రాములు చేరినగాని కంటిలో స్పష్టముగా తెలియదు. క్యారెట్లు మితిమీరి తిన్నవారి అరచేతులు పసుపెక్కవచ్చును గాని, కనుగ్రుడ్డు తెల్లగానే యుండును.

సుమారు 120 రోజులు జీవించి నశించు ఎర్ర రక్తకణములనుండి బిలిరూబిను పుట్టును. కాలేయము దానిని నీటిలో కరుగునట్లు మార్చి, పైత్యరసముతో ప్రేగులకు పంపును. మలమునకు రంగు దీనివలననే. ఇంతమాత్రము తెలిసినచో రోగిని అడుగవలసిన ప్రశ్నలు వాటంతట అవే పుట్టును. రక్తకణములు అధికముగా చితికిపోవుటచే కలిగిన కామెర్లలో, నీట కరుగని బిలిరూబిను మూత్రములోనికి రాదు. పైత్యనాళము మూసికొన్నచో, కరిగెడి బిలిరూబిను రక్తములోనికి వెనుదిరిగి మూత్రము టీ డికాక్షనువలె ముదురును, మలము సుద్దవలె పాలిపోవును, ఒళ్లంతయు దురద. కాలేయమే వాచినప్పుడును మూత్రము ముదురును గాని, మలము సాధారణముగా అంతగా పాలిపోదు. మలమూత్రములను గూర్చి అడుగుటకు సిగ్గుపడు విద్యార్థి సగము రోగనిర్ణయమును పోగొట్టుకొనును.

పిమ్మట చేతి పని. కుడి ప్రక్కటెముకల దిగువ అరచేయి ఆనించి ఊపిరి పీల్చుమందురు. క్రొత్తవాడు వ్రేళ్ళతో పొడుచును; పొట్ట బిగిసికొని ఏమియు తెలియదు. చేయి ఓపికగా నిలిచియుండవలెను. ఊపిరితో కాలేయమే దిగివచ్చి తగులవలెను. ఒక్కొక్కప్పుడు నొప్పిలేక ఉబ్బిన పిత్తాశయము చేతికి అందును. కామెర్లతోపాటు ఇట్లున్నచో కారణము రాళ్ళు కాకపోవచ్చునని స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు కూర్వాజియే 1890లో గుర్తించెను. క్లోమము తలభాగమున పుట్టిన కంతి నాళమును అదుముచుండవచ్చును. నేడు స్కానింగు ఉన్నది. అయినను ఎవరిని త్వరపడి పంపవలెనో ముందుగా చెప్పునది ఈ చేయియే.

మన పల్లెలలో కామెర్లకు ఆకుపసరు త్రాగించు వాడుక కలదు. కలుషమైన నీటివలన వచ్చు హెపటైటిస్-ఎ చాలమందిలో కొన్ని వారములలో దానంతట అదే తగ్గును. పేరు మాత్రము పసరునకు దక్కును. నాళము మూసికొన్న రోగి అదే పసరును నమ్మి నెలలు గడిపినచో, కంతి శస్త్రచికిత్సకు లొంగు దశ దాటిపోవచ్చును. అందుచే విద్యార్థి తప్పక అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు: “ఎన్నాళ్ళయినది, ఇంతవరకు ఏమేమి మందులు పుచ్చుకొన్నారు?”