కదిలే ఓడల రాడార్ చిత్రాల స్పష్టీకరణ

రాడార్ చిత్రంలో చెదిరి కనిపించే ఓడ చలనాన్ని లెక్కగట్టి, దాని రూపాన్ని తేటపరచే ప్రక్రియను కదిలే ఓడల రాడార్ చిత్ర స్పష్టీకరణ అంటారు. రాత్రివేళ, తుఫాను మేఘాల చాటున బంగాళాఖాతంలోని ఓడలను ఆకాశం నుండి చూడగలిగేది రాడారే. శ్రీహరికోట నుండి ఇందుకు తగిన రాడార్‌తో రీశాట్-1 (2012 ఏప్రిల్ 26), ఇ.ఓ.ఎస్-04 (2022 ఫిబ్రవరి 14) ఉపగ్రహాలను ప్రయోగించారు. హైదరాబాదు సమీపాన షాద్‌నగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రపు ఉపగ్రహ సమాచార స్వీకరణ కేంద్రం ఉన్నది.

ఛాయాచిత్రం వలె రాడార్ చిత్రం ఒక్క క్షణంలో తీసేది కాదు. ఉపగ్రహం సెకనుకు సుమారు 7.5 కి.మీ. వేగంతో సాగుతూ వరుసగా సంకేతాలు పంపుతుంది. తిరిగివచ్చిన వాటినన్నిటినీ కూర్చినపుడు, చిన్న యాంటెన్నాయే కిలోమీటర్ల పొడవైన యాంటెన్నా వలె పనిచేస్తుంది. ఈ కూర్పులో నేల కదలదని ముందుగానే అనుకుంటారు. పొలాలకు, భవనాలకు ఇది సరిపోతుంది, ఓడకు సరిపోదు.

రాడార్‌కు దగ్గరగా గాని, దూరంగా గాని జరిగే ఓడ చిత్రంలో పక్కకు తప్పి పడుతుంది. 700 కి.మీ. దూరంలోని ఓడ రాడార్ దిశలో సెకనుకు 5 మీటర్లు కదిలితే ఈ తేడా దాదాపు అర కిలోమీటరు. గాలింపు పడవకు అది తక్కువ దూరమేమీ కాదు. విచిత్రమేమంటే, ఓడ వెనుక నీటిపై ఏర్పడే చాలు మాత్రం ఇంచుమించు అసలు చోటనే కనిపిస్తుంది! ఆ ఎడాన్ని కొలిచి ఓడ వేగాన్ని రాబట్టవచ్చు.

అలలపై ఊగడం వల్ల కలిగే మసక ఇంతకన్న చిక్కైనది. ఓడ అడుగుభాగం, పైనున్న స్తంభం ఒకే వేగంతో కదలవు. కనుక ఓడ ఉన్న భాగాన్ని వేరుచేసి, దూరంలో వచ్చిన మార్పును సరిచేసి, పిదప తరంగ దశలోని దోషాన్ని సవరిస్తారు. దోషమెంతో ముందుగా తెలియదు గనుక, చిత్రం మిక్కిలి తేటపడే వరకు విలువలను మార్చి చూస్తారు. దీనికే ఆటోఫోకస్ అని పేరు. ఊగుడు మరీ ఎక్కువైతే, ఓడ ఒకే తీరున తిరిగిన కొద్దిపాటి వ్యవధిని మాత్రమే ఎంచుకుంటారు. ఆ తిరుగుడునే ఆధారం చేసుకొని ఓడ రూపాన్ని రాబట్టే పద్ధతి ఇన్వర్స్ సింథటిక్ అపెర్చర్ రాడార్.