గీత మీద బొటనవేలు

కనుమ మర్నాటి రాత్రి. శ్రీకాకుళం జిల్లా సుమ్మాదేవి స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఒక ఖాళీ జాగా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను విరుచుకుపడేదాకా అది జీడితోట. ఆ రాత్రి కూలిన చెట్లను నరికి తీసేశాక పిల్లలకు ఆటస్థలం అయింది. సరుగుడు గెడలకు కట్టిన నాలుగు లైట్లు, మైకులో స్కోరు చెప్పే కుర్రాడు, కోర్టు చుట్టూ కొబ్బరితాడు. తాడుకి ఆనుకుని పిల్లలు, వాళ్ల వెనక మగాళ్లు, ఆ వెనక ట్రాక్టరు తొట్టెలో నిలబడ్డ ఆడవాళ్లు. హౌరా లైన్లో గూడ్సు పోతున్నంతసేపూ మైకు వినపడదు. కబడ్డీ మాత్రం ఆగదు.

ఆఖరి నిమిషం, ఒక్క పాయింటు తేడా. వెనకబడిన జట్టులోంచి ఒక కుర్రాడు కూతకెళ్లాడు. మిలట్రీ నుంచి పండక్కి సెలవు మీద వచ్చినవాడని మైకులో చెప్పారు. ఎడమ మూల దాకా పోయి, ఒక కాలు గాల్లో ఉంచి, రెండోది బోనస్ గీత మీదుగా చాచి, తటాలున వెనక్కి లాక్కున్నాడు. బోనస్ పాయింటు రావాలంటే గీత తొక్కితే చాలదు, పాదం దాటాలి. ఆ గీత సాయంత్రం సున్నంతో వేసింది. అప్పటికి అరడజను ఆటలు దాని మీద నడిచాయి. ఎంతవరకు గీతో, ఎంతవరకు దుమ్మో పట్టపగలైనా చెప్పడం కష్టం.

తాడుకి ఈ పక్క ఒక ఊరు "బోనస్సు, బోనస్సు" అని కేక. ఆ పక్క పందేలు పెట్టిన ఊరు, దానికి రెట్టింపు గొంతుతో "లేదు లేదు". అంపైరు ఒక్క క్షణం తటపటాయించి, లేదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అమ్ముడుపోనాడ్రా!" నా వెనక ఎవరో అన్నారు. "ఆల ఊరి కోడలికి తమ్ముడు కాడేటి ఆడు?"

ఊరి పందేల్లో ఈ మాట వినని ఏడాది నాకు గుర్తు లేదు. ఉద్దానంలోనూ విన్నాను, టెక్కలి పక్కనా విన్నాను. ఎవరు ఓడినా అదే మాట. అందుకని దాన్ని ఓడినవాళ్ల ఏడుపుగా కొట్టిపారేస్తారు చాలామంది. నేను కొట్టిపారెయ్యను. ఆ అనుమానానికి ఆధారం ఉంది. కాకపోతే అది ఎప్పుడూ తప్పు చోటికే వేలు చూపిస్తుంది.

ఆధారం ఏమిటో ముందు చెబుతాను. ఊరి పందేల్లో ఈల పట్టుకునేది మామూలుగా పక్క ఊరి బడిలో పీఈటీ మాస్టారో, ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడిన మనిషో. మొదటి బహుమతి ఇచ్చేది ఒక పార్టీ నాయకుడో, కాంట్రాక్టరో. ఆయన ఊరి జట్టూ బరిలో ఉంటుంది. రిఫరీకి భోజనం పెట్టేది ఆ ఇంట్లో, శాలువా కప్పేది ఆ చేతులతో. ఆట అయ్యాక అర్ధరాత్రి ఆయన బండి మీద ఇంటికి పోవాల్సింది ఆ ఊరి వీధిలోంచే. కులం, వియ్యం, ఓటు అన్నీ ఎరిగిన మనుషుల మధ్య ఆయన చెయ్యెత్తాలి. డబ్బు చేతులు మారనక్కర్లేదు. ఇంత బరువు మోస్తున్న చెయ్యి నిటారుగా లేస్తుందనుకోవడమే అమాయకత్వం.

అయినా అసలు వంకర ఇక్కడ లేదు. అది తెలియడానికి నేను తాడు దాటి లోపలికి వెళ్లాల్సి వచ్చింది.

ఇరవై రెండేళ్ల కిందట, పేరు చెప్పను, ఒక ఊళ్లో పందేలు. ఇద్దరు అంపైర్లలో ఒకరు రాలేదు. నిబంధనలు తెలిసినవాణ్ణని నన్ను నిలబెట్టారు. ఆ ఊళ్లో నాకు చుట్టం లేదు, స్నేహితుడు లేడు, కనీసం టీ కూడా తాగలేదు. రెండో సగంలో బయటి ఊరి కుర్రాణ్ణి ముగ్గురు పట్టేశారు. నేల మీద పడి, మోచేతులతో పాకుతూ, చెయ్యి మధ్యగీత వైపు చాచాడు. వేళ్లు గీత మీద పడ్డాయి. కూత ఉంటే ముగ్గురూ ఔటు, కూత పోయి ఉంటే వాడే ఔటు. నేను మూడడుగుల దూరంలో వంగి ఉన్నాను. వాడి పెదాలు కదులుతున్నాయి. శబ్దం వినపడదు. తాడు వెనక నుంచి ఊరు ఊరంతా ఒక్క గొంతుగా "కూత పోయింది!" అంటోంది.

ఔటిచ్చాను.

వాడు లేచి మోచేతుల దుమ్ము దులుపుకుని, "నేను కూత ఆపలేదు సార్" అన్నాడు. అంతే. గొడవ చెయ్యలేదు. నాకు వినపడలేదన్నది నిజం. కూత పోయిందన్నది నా నోటికి ఊరు అందించిన మాట. ఆ తేడా నాకు తెలిసేసరికి స్కోరు పలక మీద అంకె మారిపోయింది. నాకెవరూ లంచం ఇవ్వలేదు. భయమూ వెయ్యలేదు. నా చెవిలో ఖాళీ ఉంది, దాన్ని అరుపు నింపింది.

ఈ సంగతి నా ఒక్కడిదే కాదని తర్వాత చదివాను. ఇంగ్లండ్‌లో అలన్ నెవిల్, ఆయన సహచరులు 2002లో ఒక పరీక్ష ఫలితాలు అచ్చువేశారు. అర్హత ఉన్న 40 మంది రిఫరీలను కూర్చోబెట్టి, లివర్‌పూల్‌లో జరిగిన ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌లోని 47 పెనుగులాటలు వీడియోలో చూపించారు. కొందరికి జనం అరుపులతో, కొందరికి శబ్దం లేకుండా. అరుపులు విన్నవాళ్లు సొంత గడ్డ జట్టు మీద ఇచ్చిన ఫౌళ్లు 15.5 శాతం తక్కువ. గదిలో కూర్చుని చూస్తున్నవాళ్లు వాళ్లు. ఏ వీధిలోంచీ ఇంటికి పోనక్కర్లేదు. అయినా అరుపు పని చేసింది. కరోనా కాలంలో ఖాళీ స్టేడియాల్లో ఆటలు జరిగినప్పుడు యూరప్ ఫుట్‌బాల్లో బయటి జట్లకు పడే పసుపు కార్డులు తగ్గాయి. రిఫరీలు వాళ్లే, నిబంధనలు అవే. లేనిది జనమే.

మరి జనం కంటి సంగతి? దాని మీదా ఒక పాత పరీక్ష ఉంది. 1951 నవంబరులో అమెరికాలో ప్రిన్‌స్టన్, డార్ట్‌మత్ విద్యాలయాల మధ్య మొరటుగా సాగిన ఒక ఫుట్‌బాల్ ఆట. తర్వాత ఇద్దరు పరిశోధకులు ఆ ఆట ఫిల్మునే రెండు చోట్లా విద్యార్థులకు చూపించి, తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ ఆటగాళ్లు చేశారంటూ ప్రిన్‌స్టన్ పిల్లలు లెక్కగట్టిన తప్పులు, డార్ట్‌మత్ పిల్లలకు కనిపించిన వాటికి రెట్టింపు పైనే. ఎవరూ అబద్ధం ఆడలేదు. సుమ్మాదేవి తాడుకి ఈ పక్క "బోనస్సు" అన్నవాళ్లూ, ఆ పక్క "లేదు" అన్నవాళ్లూ అబద్ధం ఆడలేదు.

మన ఊళ్ల సంగతి పక్కన పెట్టి హాంగ్‌ఝౌ చూద్దాం. 2023 అక్టోబరు 7, ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనల్, ప్రత్యర్థి ఇరాన్. స్కోరు 28–28, మిగిలింది నిమిషం పైచిలుకు. మన జట్టు నుంచి పవన్ సెహ్రావత్ చావోరేవో కూతకెళ్లి, ఎవర్నీ తాకకుండానే కోర్టు పక్కనుండే లాబీలోకి అడుగుపెట్టాడు. అలా పోతే కూతకెళ్లినవాడు ఔటు. అతన్ని పట్టుకోబోయిన ఇరాన్ వాళ్లు కూడా వెనకే లాబీలోకి దూసుకొచ్చారు. పాత నిబంధన చూస్తే వాళ్లూ ఔటు, కొత్తది చూస్తే కారు. ఏది వర్తిస్తుందన్నదే తగువు. తీర్పు ఇటు మారింది, అటు మారింది, ఆటగాళ్లు మ్యాట్ మీద కూర్చున్నారు, దాదాపు గంటసేపు ఆట ఆగింది. చివరికి 33–29తో స్వర్ణం మనదైంది. ఆ గంటలో ఇరాన్ వైపు తీర్పు ఖాయమై ఉంటే మన టీవీల్లో ఏ మాట వినిపించేదో నాకు తెలుసు. మన ఊళ్లో నా వెనక నుంచి వినిపించిన మాటే.

మా పిన్నిగారి మనవడు మెల్‌బోర్న్‌లో చదువుతున్నాడు. పందేల వీడియో పంపితే ఫోన్ చేసి, "తాతా, ఇక్కడా ఇదే గోల" అన్నాడు. అక్కడివాళ్ల సొంత ఫుట్‌బాల్ వేరు. కోడిగుడ్డు ఆకారపు బంతి, గుండ్రంగా సాగదీసిన మైదానం, జట్టుకు 18 మంది. బంతి పట్టుకున్నవాణ్ణి ఎదుటివాడు చుట్టేసినప్పుడు, వాడికి అంతకుముందే బంతి వదిలే అవకాశం దొరికిందా లేదా అన్నది అంపైరు తేల్చాలి. దొరికినా వాడు బంతి సరిగ్గా వదల్లేదనుకుంటే పట్టినవాడికి ఫ్రీ కిక్. లేదనుకుంటే కథ వేరు. 'అవకాశం' అన్నది గీత కాదు, సున్నంతో వెయ్యలేం. అందుకే ఆ క్షణంలో వేలమంది ఒక్కసారిగా "బాల్!" అని అరుస్తారట. మా "కూత పోయింది" లాంటిదే. 2023 నుంచి మైదానంలో ముగ్గురు కాదు, నలుగురు ఫీల్డ్ అంపైర్లు ఉంటున్నారు. తీర్పు మీద చేతులు చాచి నిరసన చూపితే 50 మీటర్ల శిక్ష వేసేలా 2022లో కఠినంగా వ్యవహరించారు. అయినా గోల తగ్గలేదు.

వాళ్లు ఇప్పటికీ తవ్వుకునే లెక్క 2016 ఫైనల్‌ది. వెస్ట్రన్ బుల్‌డాగ్స్‌కు 20 ఫ్రీ కిక్కులు, సిడ్నీకి 8. బుల్‌డాగ్స్ గెలిచింది, 62 ఏళ్ల తర్వాత. జనం మనసు ఎటు ఉందో చెప్పక్కర్లేదు. నేను ఇక్కడ సిడ్నీ అభిమానులతో పూర్తిగా గొంతు కలపలేను. బంతి మీదికి ముందు దూకే జట్టుకే ఫ్రీ కిక్కులు ఎక్కువ వచ్చే వీలుంది. అంకెలు సమానంగా లేకపోవడం ఒక్కటే పక్షపాతానికి రుజువైతే, మా ఊళ్లో గట్టిగా ఆడే ప్రతి జట్టూ దోషే. అరుపు తూకాన్ని వంచిందా అని తేల్చాలంటే ఒక ఆట చాలదు, వందల ఆటలు కావాలి. ఓడినవాడి దగ్గర ఎప్పుడూ ఒక్క ఆటే ఉంటుంది.

క్రికెట్ వాళ్లు ఈ నొప్పికి మందు ముందుగానే వెతికారు. అందులో మన హైదరాబాద్ మనిషి చెయ్యి ఉంది. 1986 నవంబరులో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్‌తో టెస్టు ఆడుతుంటే, సొంత అంపైర్ల మీద నింద వినీ వినీ విసిగిన ఇమ్రాన్‌ఖాన్ బయటివాళ్లు కావాలన్నాడు. వెళ్లి నిలబడినవాళ్లు హైదరాబాద్ వి.కె. రామస్వామి, ముంబయి పీలూ రిపోర్టర్. పాకిస్తాన్ ఆటకు ఇద్దరు భారతీయులు! 1994 నుంచి ప్రతి టెస్టులో ఒకరు, 2002 నుంచి ఇద్దరూ బయటి దేశంవాళ్లే ఉండాలన్నారు. 2020లో కరోనాతో ప్రయాణాలు ఆగి సొంత దేశపు అంపైర్లను మళ్లీ నిలబెట్టాల్సి వస్తే, జట్టుకు ఒక రివ్యూ అదనంగా ఇచ్చారు. అంపైరు దొంగ అని కాదు. మనిషి అని.

నేను ఉద్దానం పందేలు పెట్టేవాళ్లను అడుగుతున్నది ఇదే. లైట్లకూ, మైకుకూ, బాణసంచాకూ డబ్బు ఉంటుంది. రిఫరీకి శాలువాతో సరిపెడతారు. ఇచ్ఛాపురం నుంచో, ఆమదాలవలస నుంచో, ఏ జట్టుకూ చెందని మండలం నుంచి ముగ్గురిని పిలిపించండి. బస్సు ఖర్చు, తగిన కూలి ఇవ్వండి. వాళ్లు బహుమతి ఇచ్చే ఇంట్లో కాకుండా బడిలో భోంచెయ్యాలి. తాడును కోర్టుకి పది అడుగులు వెనక్కి కట్టండి. ఇప్పుడు అరిచేవాడి ఊపిరి అంపైరు మెడకు తగులుతోంది. ప్రతి ఆటకూ గీతలు మళ్లీ సున్నం పొయ్యండి. రెండు కేజీల సున్నం ఏపాటి? జట్టుకో రివ్యూ ఇచ్చి, గీతకు సూటిగా ఒక ఫోను నిలబెట్టండి. పక్క నుంచి తీసిన వీడియో పనికిరాదు, అది కంటికంటే ఎక్కువ మోసం చేస్తుంది. అన్నిటికంటే ముందు, "నాకు కనపడలేదు, అవతలి అంపైరును అడుగుతాను" అనే వీలు ఆ మనిషికి ఇవ్వండి. ఇప్పుడు ఆ మాట అంటే ఈలలు వేసి ఏడిపిస్తున్నాం. అందుకని వాళ్లు చూడనిది కూడా చూసినట్టే చెయ్యెత్తుతున్నారు.

ఆ రాత్రి ఫైనల్ అయ్యాక బోరింగు దగ్గరికి నీళ్లకు వెళ్లాను. ఓడిన జట్టు అక్కడే ఉంది. బోనస్ రాని కుర్రాడు గట్టు మీద కూర్చుని కాళ్లు కడుక్కోబోతుంటే స్నేహితుడు ఆపాడు. "కడగొద్దురా, ఉండు." ఫోను లైటు వేసి పాదం చూపించాడు. బొటనవేలి చివర, గోరు సందులో తెల్లగా సున్నం.

"సూడు చిన్నాన్నా, సున్నం. దాటినాడా లేదా? నువ్వే సెప్పు."

వంగి చూశాను. సున్నం ఉంది. గీత దాటిన కాలికీ అంటుకుంటుంది, గీత తొక్కిన కాలికీ అంటుకుంటుంది. అంతకుముందు మధ్యగీత మీద పదిసార్లు నడిచిన కాలికీ అంటుకుంటుంది. నలుగురూ నా మొహం వంకే చూస్తున్నారు. వాళ్ల ఊరే మా అమ్మ పుట్టిల్లు. ఆట జరుగుతున్నప్పుడు "బోనస్సు" అని అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను.

"నాకు కనపడలేదు నాయనా," అన్నాను.

కుర్రాడు తలూపి, బోరింగు కొట్టమని స్నేహితుడికి సైగ చేసి, కాలు నీళ్ల కింద పెట్టాడు.