లౌడ్‌స్పీకరు ముసుగుగుడ్డ మరమ్మతు

పింఛనులు పదిహేనవ తేదీన పంచబడునని పంచాయతీ ప్రకటించినది. దానిని పదిహేడని విన్న వృద్ధులు రెండు దినములు ఆలస్యముగా వచ్చినచో దోషమెవరిది? తరచుగా అది స్పీకరు పెట్టె ముందరి సడలిన గుడ్డదే. మాటతోపాటు గుడ్డ గలగలలాడుటవలన అక్షరములు కలిసిపోవును.

గ్రామస్థులు కలిసి కూర్చుండి వినుట మనకు క్రొత్త కాదు. 1956లో పూనా ప్రాంతమున 150 గ్రామములలో రేడియో గ్రామీణ గోష్ఠుల ప్రయోగము జరిగి, 1959లో దేశమంతట విస్తరించినది. మన జిల్లాలోనే జహీరాబాదు సమీపమున మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ఆరంభమైనది. ప్రసారమెంత మంచిదైనను, వినిపించు పెట్టె చెడినచో ఫలము తక్కువ.

మొదట కారణమును నిర్ధారించుకొనవలెను. పెట్టె మ్రోగుచుండగా గుడ్డపై వ్రేళ్లతో మెల్లగా అదుముడు. గలగల ఆగినచో దోషము గుడ్డదే. ఆగనిచో వదులైన స్క్రూలనో, చినిగిన కాగితపు గరాటునో చూడవలెను. స్తంభములపై కట్టు బాకా స్పీకరులకు గుడ్డయే లేదు. ఈ మాట పెట్టెలకు మాత్రమే.

విద్యుత్తు తీసివేసి, ముందరి చట్రమును విప్పి పెట్టెకు దూరముగా పనిచేయవలెను. స్పీకరు వెనుక అయస్కాంతమున్నది. స్క్రూడ్రైవరు దానివైపు లాగబడి గరాటును చీల్చవచ్చును. పటాన్‌చెరు, పాశమైలారము పరిసరములలో లోహపు పని జరుగు చోట పెట్టెను తెరచి ఉంచరాదు. ఇనుపపొడి అయస్కాంతపు సందున చేరినచో గరగర శాశ్వతమగును.

ఒక అంచు మాత్రమే ఊడినచో ఆ అంచును తిరిగి అంటించిన చాలును. గుడ్డ అంతయు సడలినచో క్రొత్తది వేయుట మేలు. దళసరి తెరగుడ్డ పనికిరాదు. నోటికెదురుగా పట్టి ఊదినపుడు ఆవలనున్న చేతికి గాలి తగులవలెను. తగులనిచో స, శ, చ వంటి అక్షరములు మందగించును.

చట్రముకన్న నాలుగువైపులా రెండేసి అంగుళములు ఎక్కువగా కత్తిరించి, పాత జిగురును గీకివేయవలెను. ముందుగా పైఅంచు నడుమను, తరువాత క్రిందిఅంచు నడుమను, అటుపిమ్మట ఇరుప్రక్కల నడుమలను బిగించి మూలలవైపు సాగవలెను. మూలలతో ఆరంభించువారికి ముడతలు తప్పవు. ఈ తప్పు చాలమంది చేయుదురు. వడ్రంగులు వాడు తెల్లజిగురును చట్రము వెనుకప్రక్కనే పలుచగా పూసి, రాత్రియంతయు ఆరనీయవలెను. గుడ్డ గరాటును తాకరాదు. మ్రోగునపుడు గరాటు ముందువెనుకలకు కదలును.

పరీక్ష పగటివేళ చేయుడు. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వరకు లౌడ్‌స్పీకరు సాధారణముగా నిషిద్ధము. ఒకరు వీధి చివర కాగితముతో నిలువవలెను, మరియొకరు పదిహేను, పదిహేడు అని మార్చి మార్చి పలుకవలెను. వ్రాసినది సరిపోలినచో చట్రపు స్క్రూలను పూర్తిగా బిగింపవచ్చును.