బ్రహ్మనాయుడు – నాగమ్మ: వెండితెరపై పల్నాటి పోరు

మద్రాసునుండి విజయవాడకు పోయే రైలుమార్గంలో నెల్లూరు దాటిన తరువాత వచ్చే బిట్రగుంట, ఆవిరియంత్రాల కాలంలో లోకోషెడ్డును ఆశ్రయించి పెరిగిన ఊరు. అట్టి రైల్వే ఊరివారికి ఒక సంగతి ఎవరూ బోధింపనక్కరలేదు. ఒకే లైనుపై రెండు బండ్లు ఎదురెదురుగా వస్తే, యంత్రాలు రెండూ మంచివే కావచ్చును. నడిపేవారిద్దరూ సమర్థులే కావచ్చును. అయినా ప్రమాదం జరిగితే, లైన్‌క్లియరు ఇచ్చినదెవరని ముందుగా విచారిస్తారు. పల్నాటి కథను తెరపై చూచేటప్పుడు కూడ ఆ ప్రశ్నయే వేసుకొనవలసి ఉన్నది.

ఇద్దరు బలవంతుల పంతం నెల్లూరు సీమకు క్రొత్తది కాదు. పశువుల మేతకు చెల్లింపవలసిన పుల్లరి విషయమై కాటమరాజుకూ, నెల్లూరి ప్రభువు నల్లసిద్ధికీ నడచిన పోరు ఈ నేలమీది కథయే. ఖడ్గతిక్కన నేలకొరిగినది ఆ పోరులోనే అని చెబుతారు. అది ప్రభువుల తగవు. పల్నాటిలోనో, ఎదురు నిలిచినవారు ఇద్దరు మంత్రులు.

12వ శతాబ్దినాటి ఆ కథలో బ్రహ్మనాయుడు వైష్ణవుడు; కులభేదం లేక అందరినీ ఒకే పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించినవాడు; మాల కన్నమదాసును కొడుకువలె చేరదీసి సేనాని చేసినవాడు. నాగమ్మ శైవురాలు, రాచపుట్టుక లేకున్నను, కేవలం బుద్ధిబలంతో మంత్రిపదవి నందుకొన్న స్త్రీ. ఇద్దరూ పాత కట్టుబాట్లను దాటినవారే. వీరిని కలిపి నడుపుకొనవలసిన నలగామరాజుకు ఆ శక్తి లేకపోయినది. కోడిపందెం, ఓడినవారికి ఏడేండ్ల వనవాసం, రాయబారిగా వచ్చిన అలరాజు మరణం – ఇట్లు ఒక్కొక్క మజిలీ దాటి కథ కారంపూడి రణరంగానికి చేరినది. ఆపదగిన ప్రతి చోటా ఆపవలసినవాడు మిన్నకున్నాడు.

ఈ కథను తొలుత తెరకెక్కింప బూనినవారు గూడవల్లి రామబ్రహ్మం. ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) తీసిన దర్శకునికి చాపకూటి కథపై మనసు పోవుట సహజమే. చిత్రం ముగియకముందే 1946లో ఆయన కన్నుమూయగా, ఎల్.వి. ప్రసాద్ దానిని పూర్తిచేసినారు. 1947లో విడుదలయిన ఆ ‘పల్నాటి యుద్ధం’లో గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడు. 1966లో గుత్తా రామినీడు దర్శకత్వంలో అదే పేరుతో మరల వచ్చిన చిత్రంలో ఆ మంత్రుల పాత్రలను ఎన్.టి. రామారావు, భానుమతి ధరించినారు.

రెండు పర్యాయాలూ నాగమ్మ పాత్ర మహానటీమణులకే దక్కుట గమనింపదగినది. ఆమె వట్టి కుట్రదారే అయితే అంతటివారి అవసరమేమి? బ్రహ్మనాయునికి దీటు రాగల వ్యక్తి ఎదుట నిలిస్తేనే ఆ పోరు పోరనిపించుకొంటుంది. ప్రతిపక్షం పలుచనైతే నాయకుని గొప్పతనమూ పలుచనే.

అయితే ఈ ఇద్దరి పంతానికి మూల్యం చెల్లించినవారు వేరు. క్రొత్తకాపురపు ముచ్చటైనా తీరకముందే బాలచంద్రుడు కత్తిపట్టి పోయినాడు. కట్టుకొన్న మాంచాలయే అతనిని సాగనంపినది. నేటికీ ఏటేట కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల తిరునాళ్లు జరుగుతున్నవి. అక్కడ ఇరువురు మంత్రులలో ఎవరిది పైచేయి అని లెక్క చూడరు. ఆ యుద్ధంలో పడిపోయినవారి ఆయుధాలను బయటికి తీసి, కడిగి, పూజ చేస్తారు.