అల్యూమినియం నైట్రైడ్: తయారీ, ధర్మాలు, వ్యవసాయ ప్రాధాన్యం

వాతావరణంలో ఘనపరిమాణం రీత్యా 78 శాతం నత్రజని ఉన్నప్పటికీ పైర్లు దానిని నేరుగా గ్రహించలేవు. నత్రజని అణువులోని త్రిబంధాన్ని విడదీయడానికి ఒక మోల్‌కు సుమారు 945 కిలోజౌళ్ల శక్తి అవసరం. చిలీ నైట్రేట్ నిల్వలు తరిగిపోతే గోధుమ కొరత తప్పదని 1898లో విలియం క్రూక్స్ హెచ్చరించారు. గాలిలోని నత్రజనిని స్థిరీకరించడానికి ఆ కాలంలో అన్వేషించిన మార్గాలలో అల్యూమినియం నైట్రైడ్ ఒకటి. నత్రజని అధికంగా గల పదార్థమంతా ఎరువు కాజాలదని ఈ సమ్మేళనం చరిత్ర స్పష్టం చేస్తుంది.

తయారీ

ఈ సమ్మేళనాన్ని ముఖ్యంగా రెండు విధాలుగా తయారుచేస్తారు. మొదటిది, అల్యూమినియం పొడిని నత్రజని వాయువులో వేడిచేయడం. అయితే లోహం 660 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరిగి ముద్దకడుతుంది. కణాలపై ఏర్పడిన నైట్రైడ్ పొర నత్రజనిని లోపలికి చొరనీయదు. అందువల్ల చర్య అసంపూర్తిగా మిగిలే అవకాశముంది. రెండవది, అల్యూమినాను బొగ్గుపొడితో కలిపి నత్రజని ప్రవాహంలో 1,400 నుండి 1,800 డిగ్రీల వరకు వేడిచేయడం. ఇందులో నైట్రైడ్‌తోపాటు కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. మిగిలిన బొగ్గును సుమారు 600–700 డిగ్రీల వద్ద గాలిలో మండించి తొలగిస్తారు.

20వ శతాబ్ది తొలి దశకాలలో ప్రతిపాదించిన సెర్పెక్ పద్ధతికి ఈ రెండవ చర్యయే ఆధారం. శుద్ధిచేయని బాక్సైట్ నుండి నైట్రైడ్‌ను తయారుచేసి, దానిని కాస్టిక్ సోడా ద్రావణంతో చర్య జరిపితే ఎరువుల తయారీకి అమ్మోనియా, లోహ పరిశ్రమకు శుద్ధమైన అల్యూమినా లభిస్తాయి. ఒకే ముడిసరుకుతో రెండు ప్రయోజనాలు సాధించడం దీని ఆకర్షణ. కాని అంతటి ఉష్ణోగ్రతకు కొలిమి లోపలి గోడలు తట్టుకోవడం కష్టమైంది. ఇంతలో 1913లో జర్మనీలోని ఒప్పౌలో హేబర్–బాష్ పద్ధతిన అమ్మోనియా ఉత్పత్తి ఆరంభమైంది. ఉత్ప్రేరకం సాయంతో సుమారు 400–500 డిగ్రీల వద్దనే పనిచేసే ఆ పద్ధతి ముందు సెర్పెక్ పద్ధతి నిలువలేకపోయింది.

ధర్మాలు

శుద్ధ అల్యూమినియం నైట్రైడ్ తెల్లని ఘనపదార్థం. స్ఫటికాలు షట్కోణీయ నిర్మాణం గలవి. సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.26 గ్రాములు. విద్యుత్తును నిరోధిస్తూనే ఉష్ణాన్ని చక్కగా ప్రసరింపజేయడం దీని విశిష్టత. అందువల్లనే నేడు ఎలక్ట్రానిక్ పరికరాలలో వేడిని తొలగించే పలకలుగా దీనిని వాడుతున్నారు.

భారం రీత్యా ఇందులో 34 శాతం నత్రజని ఉంది. అమ్మోనియం సల్ఫేట్‌లో ఉన్నది 21 శాతమే. నీటితో చర్య జరిపినపుడు ఇది అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గాను, అమ్మోనియాగాను మారుతుంది. అయితే కణాల ఉపరితలంపై ఏర్పడే హైడ్రాక్సైడ్ పొర చర్యను మందగింపజేస్తుంది. ఆ పొరను కరిగించడానికే సెర్పెక్ పద్ధతిలో కాస్టిక్ సోడా అవసరమైంది.

నేలలో వినియోగం

ఈ ధర్మాల దృష్ట్యా నైట్రైడ్‌ను నేరుగా పొలంలో వేయడం సరికాదు. కణాలు పెద్దవైతే పైరుకు అవసరమైన సమయంలో నత్రజని అందదు. మెత్తని పొడియైతే అమ్మోనియా త్వరగా వెలువడి, ముఖ్యంగా క్షార నేలలలో, గాలిలో కలిసిపోతుంది. నేలలో నిలిచిన అమ్మోనియం నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లత్వం పెరుగుతుంది. ఉదజని సూచిక 5.5 కంటె తగ్గేకొద్దీ అల్యూమినియం కరిగి వేళ్ల కొనల పెరుగుదలను అడ్డుకుంటుంది. అంటే పోషకంతోపాటు విషకారకాన్ని కూడా నేలకు అందించినట్లవుతుంది.

పాత అల్యూమినియాన్ని కరిగించే కర్మాగారాలలో పైకి తేలే తెట్టులోనూ ఈ నైట్రైడ్ ఉంటుంది. తడి తగిలితే దాని నుండి అమ్మోనియా ఘాటుగా వెలువడుతుంది. అందులో క్లోరైడ్ లవణాలు, కార్బైడ్లు కూడా ఉండవచ్చు. కార్బైడ్ తడిసినపుడు మండే స్వభావం గల మీథేన్ పుడుతుంది. కనుక నత్రజని ఉన్నదన్న కారణంతో ఇట్టి వ్యర్థాన్ని పొలంలోగాని, కంపోస్టు గుంటలోగాని వేయరాదు.

ఒక సమ్మేళనాన్ని ఎరువుగా పరిశీలించేటప్పుడు నత్రజని శాతంతోపాటు, అది విడుదలయ్యే వేగాన్ని, విడుదల అనంతరం నేలలో మిగిలే పదార్థాన్ని, తయారీకి అయ్యే శక్తిని కూడా లెక్కించడం అవసరం.