నాస్తికుని పుస్తకము మన యింట చదువదగునా?

కళాశాలకు బోవు బిడ్డలు తెచ్చు పుస్తకములు ఒక్కొక్కప్పుడు తల్లులకు దిగులు గలిగించును. తాను నాస్తికుడ నేల యైతినని భగత్ సింగు వ్రాసిన చిన్న పుస్తకమును మా యమ్మాయి యొకనాడు తెచ్చి, దేవునిగది ప్రక్కనున్న బల్లమీద నుంచినది. దాచివేయుదమా యని మొదట తోచినది. కాని చదువకయే చెడ్డదనుట న్యాయము కాదని, సాయంకాలము దీపము పెట్టినపిమ్మట చదువ మొదలిడితిని. రాత్రి భోజనముల వేళకు ముగిసినది.

ఇది పండితుడు తీరికగా వ్రాసిన గ్రంథము కాదు. 1930 అక్టోబరులో, లాహోరు కారాగారమున, మరణశిక్ష తప్పదని యెఱిగిన 23 ఏండ్ల యువకుడు ఆంగ్లమున వ్రాసిన వ్యాసము. 1931 మార్చి 23వ తేదీన అతని నురితీసిరి. ఆ సెప్టెంబరులో లాహోరు పత్రిక యొకటి దీనిని ప్రకటించినది.

కీర్తివలన గలిగిన గర్వముచేతనే యితడు దేవుని కాదనుచున్నాడని కొందఱు మిత్రు లనిరి. దానికి సమాధానమే యీ వ్యాసము. అతని తాతగారు ఆర్యసమాజ భక్తులు. లాహోరు డి.ఏ.వి. పాఠశాల వసతిగృహములో నున్నప్పుడు ఇతడును గంటలకొలది గాయత్రిని జపించినవాడే. తరువాత చదివిన చదువువలనను, ఆలోచనవలనను 1926 సంవత్సరాంతమునకు నమ్మకము పోయినదట. అప్పటి కతని పేరు లోకమునకు దెలియదు. గర్వమున కెడమెక్కడ?

నన్ను మిక్కిలి కదలించినది వేఱొకటి. దైవవిశ్వాసము కష్టములను తేలికపఱచునని, అది లేనివాడు తనమీదనే తా నాధారపడవలెనని ఇత డొప్పుకొనుచున్నాడు. మరణానంతరము తనకు స్వర్గమును లేదు, మఱుజన్మమును లేదు. ఉరిత్రాడు బిగిసిన క్షణమే కడపటిదని తెలిసియు ప్రార్థింపనని నిశ్చయించుకొన్నాడు. ఓదార్పును చేజేతుల వదలుకొన్నవానిని గర్వి యనుటకు నాకు నోరు రాలేదు.

ఇక లోపములు. సర్వశక్తిమంతుడు లోకమున నింత దుఃఖము నేల యుంచెను? పేదవాని బాధకు పూర్వజన్మపాపమే కారణమనుట న్యాయమా? ఈ ప్రశ్నలు సూటిగా నున్నవి. మనమును ఏదో యొక రాత్రి రోగియైన బిడ్డ మంచముకడ వీనిని తలచినవారమే. కాని ప్రాచ్యదర్శనములను చదువ నవకాశము చిక్కలేదని ఆయనయే చెప్పినాడు. కావున మన వేదాంతులు చెప్పిన సమాధానములు ఇందు విచారింపబడలేదు. రెండు పక్షములను దెలియగోరువారు ఆ గ్రంథములనుగూడ చదువవలెను.

అయినను ఇది చదువదగిన పుస్తకమే యని నా యభిప్రాయము. బిడ్డ దీనిని చాటుగా చదివినచో, కలిగిన సందేహమును మనతో చెప్పదు. మనమును చదివినచో చెప్పును. మా యమ్మాయి ఇప్పుడు దేవునికి మ్రొక్కుట లేదు. నేను దీపము పెట్టుట మానలేదు. ఆ దీపము వెలిగించినపిమ్మట ఇద్దఱమును వసారాలో గూర్చుండి వాదించుకొనుచుందుము. ఒకనాడు నూనె నిండుకొన్నదని చూచి, సీసా తెచ్చి యిచ్చినది ఆమెయే.