పాత కారు ఇంజను నంబరు



మా బద్వేలులో ఒక మిత్రుని కొట్టమున తాతలనాటి ఫోర్డు కారొకటి చిరకాలముగా పడియున్నది. కొనవచ్చిన బేరగాడు దానిని చూచి, “ఇంజను ఎప్పుడో మార్చినారు, తూకపు ఇనుము ధరకుమించి రాదు” అనెను. మిత్రుడు నన్ను పిలిపించెను. ఆ మాట నిజమో కాదో చెప్పదగిన సాక్షి ఇంజనుమీది నంబరే. దానిని చదువు విధము మీకు మనవి చేసెదను.

ఇంజనుమీద రెండు విధముల అంకెలుండును. మొదటివి పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చినవి. ఒక మూసలో పోసినవాటి కన్నింటికి ఇవి ఒక్కటే. రెండవవి పిమ్మట గుద్ది లోతుగా దించినవి. ఇవి ఆ ఒక్క ఇంజనుకే చెల్లును. ఎద్దును చూచి ఒంగోలు జాతి యనుట వేరు. దాని వాతను చూచి ఫలానా యింటిదనుట వేరు. మనకు కావలసినది ఈ వాత.

ఫోర్డు మోడల్ టీ, మోడల్ ఏ కార్లలో ఈ నంబరు ఇంజనుకు ఎడమప్రక్కన, నీరు లోనికి వచ్చు గొట్టమునకు పైగా నుండును. ముందు కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడువవలెను. ఆకురాయితో రాచినచో అంకెలే అరిగి సాక్ష్యము చెడును. పిమ్మట సుద్ద రుద్ది పైపొడి తుడిచినచో, లోతు అంకెలు తెల్లగా తేలును. వాటిపై కాగితముంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసికొనవలెను.

మోడల్ టీ 1908 మొదలు 1927 వరకు తయారయ్యెను. 1927 మే 26న వెలువడిన కారు ఇంజను నంబరు 1,50,00,000. మోడల్ ఏ నంబరుకు ముందు ‘ఏ’ అను ఇంగ్లీషు అక్షరముండును. మన దేశమునకు ఫోర్డు కార్లు ఎక్కువగా కెనడానుండి వచ్చెను. అచ్చటి మోడల్ ఏ ఇంజనులకు ‘సీ ఏ’ అని యుండును.

అయితే నంబరు ఇంజను వయస్సునే చెప్పును. కారు వయస్సును చెప్పదు. మోడల్ టీ కార్లు నిలిచిపోయిన పిమ్మటను, పాతవాటిలో బిగించుటకై దాని ఇంజనులను 1941 వరకు చేసిరి. కావున నంబరును కాగితములతో పోల్చక తీర్పు చెప్పరాదు.

మిత్రుని పెట్టెలో పాత రిజిస్ట్రేషను పుస్తకము దొరికెను. అందలి ఇంజను నంబరును, మా పెన్సిలు అచ్చును ప్రక్కప్రక్కన నుంచి చూచితిమి. ఒక్క అంకెయు తేడా లేదు. ఆ పుస్తకము వ్రాసిననాటినుండి ఇంజను మారలేదని తేలెను. బేరగాడు మారుమాట పలుకక వెడలిపోయెను.

2021 నాటి కేంద్ర నియమముల ననుసరించి, 50 ఏండ్లు దాటి అసలు రూపు చెడని కార్లను వింటేజి వాహనములుగా రిజిస్టరు చేయించుకొనవచ్చును. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. అట్టి కారును నిత్యవ్యవహారములకు గాని బాడుగకు గాని త్రిప్పరాదు.

ఒక హెచ్చరిక. అంకెలు అరిగియున్నచో కమ్మరిచేత మరల గుద్దింపకుడు. అది చట్టవిరుద్ధము, ఉన్న సాక్ష్యమును చెరుపును. కనబడిన అంకెలను వ్రాసికొని, కనబడనిచోట ఖాళీ విడువుడు. మీ యింట నిట్టి బండి యున్నచో, తూకమునకు వేయకముందే పాత పెట్టెలు వెదకి ఆ పుస్తకమును తీయుడు. సెలవు.